ఇప్పపువ్వు వినియోగం

ఇప్పపువ్వు ఇప్పచెట్టు నుండి వేసవి ఆరంభంలో రాలే కండగల తియ్యని పువ్వు. తెలంగాణలోని ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవులలోను, భద్రాచలానికి దిగువన గోదావరి, శబరి నదుల వెంట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలలోను కోయలు, కొండరెడ్లు దీనిని ఆహారంగా, పశువుల మేతగా, సారాకు ముడిసరుకుగా, సంతలో అమ్మే సరుకుగా వాడుతారు. కాపు బాగా ఉన్న సంవత్సరంలో మూడు నాలుగు వారాలలోనే ఒక్కో కుటుంబానికి క్వింటాళ్ళ కొద్దీ పువ్వు చేతికి వస్తుంది. పచ్చిపువ్వు ఒకటి రెండు రోజులలో పులిసిపోతుంది. కనుక దానిని ఎంత త్వరగా ఎండబెట్టారు, ఎంత భాగం ఇంట నిలువ చేశారు అన్నదానిపైనే ఆ కుటుంబానికి వర్షాకాలంలో దక్కే ఆహారం, ఆదాయం ఆధారపడతాయి.

చెట్టు, పువ్వు

ఇప్పచెట్టు శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. ఇది సపోటేసి కుటుంబానికి చెందినది. మధ్య భారతదేశం, గోదావరి అడవులలో ఎక్కువగా కనిపించేది ఇందులోని లాటిఫోలియా అనే రకం. దీనిని సంస్కృతంలో మధూకమని, హిందీలో మహువా అని, తమిళంలో ఇలుప్పై అని, కన్నడంలో హిప్పె అని అంటారు. విత్తనం నుండి మొలచిన చెట్టు సుమారు 8 నుండి 10 సంవత్సరాలకు పూత మొదలుపెట్టి, ఆపైన అనేక దశాబ్దాలపాటు పూస్తుంది.

చెట్టు ఫిబ్రవరి ప్రాంతంలో ఆకు రాల్చి, మార్చి, ఏప్రిల్ నెలలలో కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. పూలు రాత్రి విచ్చుకొని తెల్లవారుజామున రాలుతాయి. నేలరాలేది పువ్వు మొత్తం కాదు. లేత పసుపు రంగులో గుండ్రంగా ఉబ్బి ఉండే ఆకర్షణ పత్రాల గొట్టం, దానికి అంటుకొని ఉన్న కేసరాలు మాత్రమే. అండాశయం కొమ్మపైనే ఉండి తరువాత కాయగా మారుతుంది. అందువలన రాలిన పువ్వును ఏరుకొన్నందున కాయ దిగుబడి తగ్గదు. ఒకే చెట్టు నుండి వేసవి మొదట్లో పువ్వు, తొలకరి నాటికి నూనెగింజ లభించడానికి ఇదే కారణం.

పచ్చిపువ్వులో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి మించి చక్కెరలే. మాంసకృత్తులు, కొవ్వు తక్కువ. కాబట్టి ఇప్పపువ్వు శక్తినిచ్చే ఆహారమే కాని, పప్పుధాన్యాలకు ప్రత్యామ్నాయం కాదు.

సేకరణ

పువ్వు ఏరడం ఎక్కువగా స్త్రీలు, పిల్లలు చేసే పని. తెల్లవారక ముందే బుట్టలతో చెట్ల కిందికి వెళ్ళి, ఎండ ముదిరేలోగా ఇంటికి చేరుకుంటారు. ఎండ ఎక్కిన తరువాత నేలపై ఉన్న పువ్వు వాడిపోతుంది, చీమలు పడతాయి, పశువులు తినివేస్తాయి. కాపు బాగా ఉన్న పెద్ద చెట్టు ఒక ఋతువులో సుమారు ఒక క్వింటాలు, కొన్ని చెట్లు అంతకు మించి పచ్చిపువ్వును ఇస్తాయి. అన్ని సంవత్సరాలలో కాపు ఒకే విధంగా ఉండదు. పూత సమయంలో మబ్బు పట్టినా, అకాల వర్షం పడినా దిగుబడి బాగా తగ్గుతుంది.

చాలా గ్రామాలలో ఏ చెట్టు కింద ఏ కుటుంబం ఏరుకోవాలన్నది ఆచారం ప్రకారం నిర్ణయమై ఉంటుంది. పోడు, పట్టా భూములలోని ఇప్పచెట్లను దున్నకానికి అడ్డమైనా నరకకుండా ఉంచుతారు. కొత్తగా వచ్చిన పంటను, పండును, పువ్వును ముందుగా దేవతకు సమర్పించిన తరువాతనే తినే ఆచారం కోయలలో ఉన్నది. ఇటువంటి పండుగలను కోయ భాషలో పండుం అంటారు.

ఎండబెట్టుట, నిలువ

అధిక దిగుబడి వచ్చినప్పుడు ముఖ్యమైన పని ఎండబెట్టడం. పువ్వును ఏరిన రోజే పలుచగా పరచి మూడు నాలుగు రోజులు ఎండలో ఉంచుతారు. కుప్పగా పోసి ఉంచితే లోపల వేడెక్కి పులుపు వాసన వస్తుంది. అలికిన కళ్ళంలో కంటె చాపలపైన, తడికలపైన ఆరబెట్టిన పువ్వులో ఇసుక, మట్టి తక్కువగా ఉంటాయి. మంచు తగలకుండా రాత్రివేళ పువ్వును పోగుచేసి కప్పుతారు. సుమారు అయిదు కిలోల పచ్చిపువ్వు ఎండితే ఒక కిలో అవుతుంది.

సరిగా ఎండిన పువ్వు ఎరుపు కలిసిన గోధుమ రంగులోకి మారి, కిస్‌మిస్ వలె ముడుతలు పడుతుంది. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. ఆ తరువాత పువ్వును నలిపి, చేటతో చెరిగి లోపలి కేసరాలను తొలగిస్తారు. కేసరాలు మిగిలితే తిన్నప్పుడు గొంతులో గరగరలాడుతుంది.

ఇప్పపువ్వులోని చక్కెర గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వర్షాకాలంలో మూత సరిగా లేని బుట్టలో ఉంచిన పువ్వు జిగటగా మారి బూజు పడుతుంది. అందువలన మట్టి కుండలలో, బిగువుగా అల్లి పేడతో అలికిన వెదురు బుట్టలలో పోసి, పొయ్యి వేడి తగిలే అటకపైన ఉంచుతారు. మూత గట్టిగా పడే డబ్బాలు కూడా వాడుకలోకి వచ్చాయి. మధ్యలో ఒకటి రెండు సార్లు ఎండ కాసిన రోజున తిరిగి ఆరబెట్టడం మంచిది. బూజు పట్టిన పువ్వు మనుషులకు గాని, పశువులకు గాని పెట్టదగినది కాదు.

ఆహారంగా ఉపయోగాలు

పచ్చిపువ్వును చెట్టు కిందనే తింటారు. ఎక్కువగా తింటే తల తిరుగుతుంది, వికారం కలుగుతుంది. ఎండుపువ్వును ఈ క్రింది విధాలుగా వాడుతారు.

ఉడికించిన పువ్వు: కేసరాలు తీసిన పువ్వును కడిగి, కొద్ది నీటితో మెత్తబడేవరకు ఉడికించి తింటారు. వేయించి పొట్టు తీసిన చింతగింజలను దీనితో కలిపి ఉడికించడం పాత పద్ధతి. చింతగింజల వలన తీపి తగ్గి, కడుపు నిండుతుంది.

రొట్టె, ముద్ద: వేయించి దంచిన పువ్వును జొన్నపిండిలో కలిపి రొట్టెలు కాలుస్తారు. ధాన్యం తక్కువగా ఉన్న ఇంట ఈ విధంగా పిండి ఎక్కువ రోజులు వస్తుంది.

పాకం: ఎండుపువ్వును నానబెట్టి, పిండి, వడకట్టిన రసాన్ని సన్నని సెగపై చిక్కబడేవరకు మరిగిస్తారు. ఈ పాకాన్ని బెల్లానికి బదులుగా అంబలిలోను, పిండివంటలలోను వాడవచ్చును.

లడ్డు: పువ్వును నూనె లేకుండా దోరగా వేయించి, వేయించిన వేరుశనగ పప్పు, నువ్వులతో కలిపి దంచి, కొద్దిగా బెల్లం చేర్చి ఉండలు కడతారు. పువ్వులోనే తీపి ఉన్నందున బెల్లం తక్కువ చాలును. వేరుశనగ, నువ్వులు పువ్వులో లేని మాంసకృత్తులను, కొవ్వును సమకూర్చుతాయి. ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వు లడ్డూలను తయారుచేసి అమ్మడంతో ఈ వంటకం తెలంగాణ అంతటా పేరు పొందినది.

కరువు కాలంలో ఇప్పపువ్వు ప్రాముఖ్యం పెరుగుతుంది. 1873-74లో బీహారులో ఏర్పడిన ధాన్యపు కొరతలో ఆ సంవత్సరం విరివిగా పూసిన ఇప్పపువ్వు వేలాది పేదలను ఆకలి చావునుండి కాపాడినట్లు ఆనాటి బ్రిటిష్ రచనలు తెలుపుతున్నాయి. గోదావరి అడవులలో కూడా జూలై నుండి సెప్టెంబరు వరకు, అనగా పాత ధాన్యం అయిపోయి కొత్త పంట రాని నెలలలో, అటకపై ఉన్న ఇప్పపువ్వు అక్కరకు వస్తుంది.

పశువుల మేత

కేసరాలు తీయగా మిగిలిన చెత్త, నలిగిన పువ్వు పశువులకు, మేకలకు, పందులకు మేత అవుతుంది. చక్కెర అధికంగా ఉన్నందున దీనిని గడ్డి, తవుడులతో కలిపి కొద్దికొద్దిగా పెట్టాలి. పులిసిన పువ్వును కడుపునిండా తిన్న పశువులకు మత్తు, కడుపు ఉబ్బరం కలుగుతాయి.

సారా, చట్టం

పువ్వును నీటిలో నానబెట్టి, కొన్ని రోజులు పులియనిచ్చి, ఆ ద్రవాన్ని కుండలలో కాచి ఇప్పసారా తీస్తారు. జననం, వివాహం, మరణం, దేవతల కొలుపు వంటి సందర్భాలలో కోయలు దీనిని సమర్పించి స్వీకరించడం సంప్రదాయం. ఒక టన్ను ఎండుపువ్వు నుండి సుమారు 340 లీటర్ల గాఢ ఆల్కహాలు వస్తుందని అంచనా. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నాసిక్‌లో ఇప్పపువ్వునుండి పేలుడు పదార్థాల తయారీకి అవసరమైన అసిటోన్‌ను తీసేవారు.

1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సారా కాయడం నేరం. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల విస్తరణ చట్టం (పెసా) మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి కల్పించినది. దీని అమలుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో నియమాలను ప్రకటించింది. మధ్య ప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించాలని నిర్ణయించింది. గోదావరి ప్రాంతంలో మాత్రం అధిక పువ్వును సారాగా మార్చడం కేసులకు, కుటుంబ కలహాలకు దారితీయవచ్చును. ఆ పువ్వే ఆహారంగా నిలువ ఉంటే అటువంటి చిక్కు లేదు.

కాయలు, గింజలు, నూనె

పువ్వు రాలిన చెట్టుకు జూన్, జూలై నెలలలో కాయలు పండుతాయి. ఒక్కొక్క కాయలో ఒకటి నుండి నాలుగు గింజలు ఉంటాయి. గింజలోని పప్పు బరువులో సుమారు సగం నూనె. చలికాలంలో గడ్డకట్టే ఈ నూనెను వంటకు, దీపాలకు, ఒంటికి రాసుకోవడానికి, సబ్బుల తయారీకి వాడుతారు. గానుగలో మిగిలిన ఇప్పపిండిలో సపోనిన్లు ఉన్నందున అది నేరుగా మేతకు పనికిరాదు. చేపల చెరువులలో పిల్లలను వదలడానికి ముందు అనవసరమైన చేపలను చంపడానికి దీనిని చల్లుతారు. కొన్ని వారాలకు విషగుణం పోయి, పిండి ఎరువుగా మారుతుంది.

అమ్మకం

ఈ ప్రాంతంలో అటవీ ఉత్పత్తులను కొనే ప్రభుత్వ సంస్థ గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.). ఇది 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడినది. 1979లో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతాల చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ నిబంధన ద్వారా వీటి కొనుగోలుపై ఈ సంస్థకు గుత్తాధికారం లభించింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరు సంస్థ ఏర్పడింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సాంప్రదాయంగా సేకరించే చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యపు హక్కును అడవిలో నివసించే వారికి ఇచ్చింది. ఈ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర కల్పించే కేంద్ర పథకం 2013-14లో ప్రారంభమైనది.

పువ్వు రాలే నెలలో అందరి వద్దా సరుకు ఉన్నందున వారపు సంతలో ధర తక్కువగా ఉంటుంది. చేతిలో డబ్బు లేని కుటుంబాలు సరిగా ఎండని పువ్వునే ఉప్పుకు, బియ్యానికి మార్చుకుంటాయి. తడి ఉన్న సరుకుకు తూకంలోను, ధరలోను కోత పడుతుంది. పూర్తిగా ఎండబెట్టి, శుభ్రపరచి, సంఘంగా నిలువ చేసి వర్షాకాలంలో అమ్మితే ఎక్కువ రాబడి వస్తుంది. ఇంటి వాడకానికి కావలసినది తీసిన తరువాతనే మిగిలినది అమ్మడం శ్రేయస్కరం.

అడవిపై ప్రభావం

రాలిన పువ్వు సులభంగా కనిపించేందుకు చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టే అలవాటు ఉన్నది. ఈ నిప్పు అదుపు తప్పితే అడవి అంటుకుంటుంది, లేత మొక్కలు మాడిపోతాయి. ఇప్పగింజకు మొలకెత్తే శక్తి కొద్ది కాలమే నిలుస్తుంది. గింజలన్నీ ఏరివేసి, మొలచిన కొద్ది మొక్కలు నిప్పుకు కాలిపోతే పాత చెట్ల స్థానంలో కొత్తవి రావు. ఆకులను ఊడ్చి పక్కకు చేర్చడం గాని, చెట్టు కింద వల లేదా పాత చీరలు కట్టడం గాని ఇందుకు ప్రత్యామ్నాయాలు. వలలో పడిన పువ్వుకు మట్టి అంటనందున ఆహారానికి బాగా పనికివస్తుంది.

ఎలుగుబంట్లు, జింకలు కూడా రాలిన పువ్వును తింటాయి. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్ళిన వారిపై ఎలుగుబంట్లు దాడిచేసే ప్రమాదం ఉన్నందున గుంపుగా, అలికిడి చేస్తూ వెళ్ళడం క్షేమం. గబ్బిలాలు కాయలను తిని గింజలను దూరంగా వదలి చెట్టు వ్యాప్తికి తోడ్పడతాయి.

పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతం నుండి తరలివెళ్ళే కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఇల్లు, భూమితో పాటు తరతరాలుగా తమవైన ఇప్పచెట్లు కూడా దూరమౌతాయి. కొత్తగా నాటిన ఇప్పమొక్క పూయడానికి కనీసం ఎనిమిది సంవత్సరాలు పడుతుంది.

ఇవి కూడా చూడండి

ఇప్ప
కోయలు
కొండరెడ్లు
భద్రాచలం
గిరిజన సహకార సంస్థ