ఆర్గాన్ గొంతు మార్చిన గిటారు పెడళ్లు

తీగను లాగి స్వరాన్ని వంచే వెసులుబాటు గిటారు వాద్యకారునికి ఉంది. మీటల వాద్యానికి అది లేదు. గమకాలకు లొంగదన్న ఆక్షేపణ బలంగా ఉన్న రోజుల్లో, 1940లో, ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ కట్టుబాటు సడలలేదు. అయినా హార్మోనియానికి తిత్తి ఉంది, గాలి హెచ్చుతగ్గులతో నాదంలో కొంత ప్రాణం పోయవచ్చు. విద్యుత్ ఆర్గాన్‌కు ఆ భాగ్యమూ తక్కువే. లారెన్స్ హేమండ్ 1935లో అమెరికాలో విపణిలోకి తెచ్చిన ఆర్గాన్, చర్చిలలోని గొట్టాల ఆర్గాన్‌కు చౌకైన ప్రత్యామ్నాయం. మీట వదిలేదాకా దాని నాదం ఒకే తీరున సాగుతుంది. డొనాల్డ్ లెస్లీ రూపొందించిన తిరిగే స్పీకరు 1940 దశకంలో ఆ నాదానికి చలనం తెచ్చింది. హేమండ్‌కు మాత్రం అది రుచించలేదు.

గిటారు పెడళ్ల చరిత్ర వేరు. ధ్వని తరంగ శిఖరాలను కత్తిరించి బొంగురు చేసే మాయెస్ట్రో ఫజ్ పెడల్ 1962లో వెలువడింది. వావా పెడల్ కథ విచిత్రమైనది. గిటారు సొత్తుగా లోకమెరిగిన ఈ సాధనం 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గాన్ కంపెనీలో పుట్టింది. ఇంజనీరు బ్రాడ్ ప్లంకెట్ రూపొందించిన సర్క్యూటును వాక్స్ ఆర్గాన్‌కు చెందిన వాల్యూమ్ పెడల్‌లోనే అమర్చి చూశారు. కనుక కీబోర్డు వాద్యకారులు వావాను వాడటం పరుల సొమ్ము తీసుకోవడం కాదు.

ఫజ్‌ను ఆర్గాన్‌కు తగిలించి ఒక శైలినే సృష్టించినవాడు ఇంగ్లాండులోని కాంటర్బరీ నుంచి వచ్చిన సాఫ్ట్ మెషిన్ బృందపు మైక్ రాట్లెజ్. 1968లో ఈ బృందం జిమీ హెండ్రిక్స్‌తో అమెరికాలో పర్యటించింది. రాట్లెజ్ వాయించినది హేమండ్ కాదు, లౌరీ ఆర్గాన్. ఫజ్ గుండా పంపినప్పుడు అందులో రెండు చిక్కులున్నాయి. కొన్ని స్వరాలు కలిపి నొక్కితే వాటి నడుమ అక్కరలేని స్వరాలు పుట్టి రొద అవుతుంది. వేళ్లు పూర్తిగా తీస్తే యంత్రం ఊళ పెడుతుంది. అందుచేత అతడు ఒంటి స్వరాల వరుసను ఎడతెగకుండా అల్లుకుపోయేవాడు. 1970 నాటి ‘థర్డ్’ ఆల్బంలో ఊపిరి తీయని ఆ ధారను వినవచ్చు. పాండిత్య ప్రదర్శనగా తోచే ఆ వేగానికి పరికరపు లోపం కూడా కారణం కావడం గమనార్హం.

హోనర్ సంస్థ తయారుచేసిన క్లావినెట్ లోపల నిజంగానే తీగలున్నాయి. కనుక దానికి గిటారు పెడల్ సహజంగా అమరింది. ది బ్యాండ్ బృందపు గార్త్ హడ్సన్ 1969లో ‘అప్ ఆన్ క్రిపుల్ క్రీక్’ పాటలో దానిని వావాతో పలికించాడు. సాధారణంగా గిటారు సంకేతం కంటే కీబోర్డు సంకేతం బలమైనది. తగ్గించి పంపకపోతే పెడల్ తట్టుకోలేక స్వరం బీటలు వారుతుంది.

1976లో ఫ్రాన్స్‌కు చెందిన ఝా మిషెల్ ఝార్ ‘ఆక్సిజెన్’ ఆల్బం కోసం ఎమినెంట్ 310 ఆర్గాన్‌ను స్మాల్ స్టోన్ అనే చవకైన ఫేజర్ పెడల్ గుండా పంపాడు. నిశ్చలమైన తంత్రీనాదం అలలుగా కదిలింది. ఆ రికార్డు అందం చాలావరకు ఆ చిన్న డబ్బాదే.

1988లో వచ్చిన కోర్గ్ ఎం1 వంటి వాద్యాలలో ఇటువంటి ప్రక్రియలు లోపలే ఇమిడిపోయాయి. 2001లో స్వీడన్‌లో తయారైన నార్డ్ ఎలక్ట్రోలో వావా, ఫేజర్ రెండూ మీటల పైనున్న ఫలకం మీదికి చేరాయి. వావాను కాలితో నడపదలచినవారు మాత్రం ఇంకా ఒక పెడల్‌ను విడిగా తగిలించుకోవలసిందే.