ఓరుగల్లు కీర్తి తోరణాలు – జీర్ణోద్ధరణకు ఒక పాఠం



ఆలయం కాలగర్భంలో కలిసిపోగా దాని వాకిళ్ళు మాత్రమే ఏడు శతాబ్దాలకు పైగా నిలిచి ఉన్న స్థలం మన తెలుగునాట ఒకటి ఉంది. అదే ఓరుగల్లు కోట. ఆలయ జీర్ణోద్ధరణకు చేయూతనిచ్చే ప్రతి దాత ఒక్కసారైనా దర్శించవలసిన చోటు ఇది.

కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. అక్కడ రుద్రదేవుడు 1163లో శివ, కేశవ, సూర్యులకు త్రికూటాలయాన్ని నిర్మించాడు. నేడు మనం వేయిస్తంభాల గుడి అని పిలుచుకొనేది దానినే. 1199 నుండి 1262 వరకు ఏలిన గణపతిదేవుని కాలంలో ఓరుగల్లు రాజధానిగా వర్ధిల్లింది. ఆయన కుమార్తె రుద్రమదేవి రాతికోటను పటిష్ఠం చేసింది. ఆ కోట నడిబొడ్డున కాకతీయుల ఇలవేల్పు స్వయంభూ శివుని మహాలయం వెలసింది. దానికి నాలుగు దిక్కులా నిలిపినవే ఈ కీర్తి తోరణాలు.

ఒక్కొక్క తోరణం దాదాపు 30 అడుగుల ఎత్తు. బలిష్ఠమైన రాతి స్తంభాలు, ఏటవాలుగా చాచిన ఊతాలు, వాటిపై బరువైన అడ్డదూలం, దానికి వ్రేలాడుతున్నట్లు చెక్కిన తామరమొగ్గలు, పైన హంసలు – చూచిన కన్ను మరలదు. దేవతామూర్తులు ప్రధానంగా లేకపోవడం వల్లనే ఇవి విధ్వంసం నుండి తప్పించుకొన్నాయని కొందరు చరిత్రకారుల ఊహ. 1323లో ప్రతాపరుద్రుని ఓటమితో కాకతీయ సామ్రాజ్యం అస్తమించింది; మహాలయం నేలకూలింది. నాలుగు వాకిళ్ళు మాత్రం నిలిచాయి.

అంతటితో కథ ముగియలేదు. తోరణాలకు దక్షిణాన గల శంభుని గుడిలో చతుర్ముఖ లింగం ఉంది. మహాలయంలో పూజలందుకొన్న లింగం ఇదేనని పండితుల అభిప్రాయం. నాలుగు ద్వారాలకు నాలుగు ముఖాలు సరిపోవడం ఆ అభిప్రాయానికి బలమిస్తున్నది. షితాబుఖానుగా ప్రసిద్ధుడైన సీతాపతి 1504 నాటి తన శాసనంలో, ఓరుగల్లును గెలిచి, పూర్వం స్థానభ్రంశం చెందిన పాంచాలరాయ మూర్తిని తిరిగి ప్రతిష్ఠించినట్లు చెప్పుకొన్నాడు. పునఃప్రతిష్ఠ అనే పుణ్యకార్యం మనకు క్రొత్త కాదని ఈ శాసనమే సాక్ష్యం.

తోరణాలకు సమీపాన ఏటవాలు గోడల ఖుష్‌మహల్ ఉంది. జనశ్రుతి దీనిని షితాబుఖానుకు ముడిపెట్టినా, ఇది తుగ్లక్‌ల కాలపు సభాభవనమని పలువురు పండితులు భావిస్తున్నారు. దాపునే ఏకశిలా నగరానికి పేరు తెచ్చిన రాతిగుట్ట. చుట్టూ కందకం, బురుజుల కోటగోడ. అనుమకొండ దారిలో చెరువు గట్టున భద్రకాళి అమ్మవారు. మరికొంత దూరం వెళితే, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి. యునెస్కో దానిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

దాతలారా! ఇక్కడ ఒక్కమాట మనవి. వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం కుంగిపోతుండగా 2006లో దానిని విప్పదీశారు. పునాదిని మరల పటిష్ఠపరచి, పాత రాళ్ళను వాటి వాటి స్థానాల్లోనే నిలిపి, 2024లో భక్తులకు అంకితం చేశారు. పద్దెనిమిది సంవత్సరాలు! విరిగిన రాయికి బదులు క్రొత్త రాయి చేరింది గాని, మంచి రాయిని ఎవరూ పారవేయలేదు. ఓర్పు లేని చోట జీర్ణోద్ధరణ లేదు.

మన ఊళ్ళలో జరుగుతున్నదేమి? భక్తి పేరిట పాత శాసనానికి సున్నం, శిల్పానికి రంగు, రాతి నేలపై పలకలు. మన పేరు చెక్కించే ఉత్సాహంలో, ఎనిమిది వందల ఏళ్ళ క్రితం దీపానికి నేయి, నైవేద్యానికి భూమి ఇచ్చిన మరొక దాత పేరు చెరిగిపోతున్నది. ఆయన కూడా మన వంటి భక్తుడే కదా! కాబట్టి పని మొదలు పెట్టకముందే శాసనాలను చదివించండి, ఛాయాచిత్రాలు తీయించండి, తొలగించిన ప్రతి రాతిని ప్రాంగణంలోనే భద్రపరచండి. అందుకయ్యే వ్యయం స్వల్పం. దక్కే పుణ్యం అనల్పం.

2014లో తెలంగాణ రాష్ట్రం తన అధికార చిహ్నంలో ఈ తోరణానికి స్థానమిచ్చింది. చిహ్నంలో చూచిన దానిని కళ్ళారా చూచి రండి. తూర్పు తోరణం క్రింద నిలిచి పడమటి తోరణం వైపు చూడండి. నడుమ గుడి లేదు. కాని గుడి ఎంతటిదో ఆ వాకిళ్ళే చెబుతాయి. రేపటి తరానికి మన ఆలయాన్ని గురించి చెప్పగలిగేది మనం మిగిల్చిన రాయే.

స్వస్తి.