డేవిస్, డొనాల్డ్ వాట్స్ (1924–2000)

కంప్యూటర్ల నడుమ సందేశములను చిన్న తునకలుగా విడగొట్టి పంపు విధానమును స్వతంత్రముగా కనుగొని, ఆ తునకకు 'ప్యాకెట్' అని నామకరణము చేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు. వేల్స్‌నందు బొగ్గుగనులకు పేరొందిన రోండా లోయలోని ట్రియోర్కీలో 1924 జూన్ 7న జన్మించెను. గనిలో గుమాస్తాగా నుండిన తండ్రి కొలది నెలలకే గతింపగా, తల్లి ఈతనిని, కవలసోదరిని వెంటబెట్టుకొని తన పుట్టినూరగు పోర్ట్స్‌మత్ చేరెను. లండనులోని ఇంపీరియల్ కళాశాలయందు 1943లో భౌతికశాస్త్రమునను, 1947లో గణితమునను పట్టభద్రుడై, ఆ యేడే టెడింగ్టన్‌లోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చట ఆలన్ ట్యూరింగ్ రూపకల్పన ననుసరించి నిర్మితమై, 1950లో మొదట నడచిన పైలట్ ఏస్ అను కంప్యూటరు నిర్మాణమున పాల్గొనెను. ట్యూరింగుని సుప్రసిద్ధమైన 1936 నాటి వ్యాసములోని కొన్ని పొరపాట్లను పట్టుకొన్నవాడును ఈతడే.

1965లో ఈతని దృష్టి నాకర్షించిన సమస్య ఇది: దూరమున గూర్చుండి కంప్యూటరుతో పనిచేయువాడు నాలుగు మాటలు పంపి, పిదప చాలసేపు ఆలోచించును, టెలిఫోను పద్ధతిలోనో, మాట నడచినను నడవకున్నను తీగ యంతయు వాని యధీనముననే యుండును. ఆ తీగను పలువురు పంచుకొనవలెనన్న, ఒకని దీర్ఘసందేశము, గేటు వద్ద నిలిచిన బాటసారులకు పొడవాటి గూడ్సుబండివలె, తక్కినవారి కడ్డుపడరాదు. కావున ప్రతి సందేశమును 1024 బిట్లకు మించని భాగములుగా ఖండించి, ఒక్కొక్కదానిపై చేరవలసిన చోటు వ్రాసి పంపినచో, నడుమనుండు కంప్యూటర్లు దానిని క్షణకాలము నిలుపుకొని ముందునకు సాగనంపునని ఈతడు ప్రతిపాదించెను. పేరు విషయమునను ఈతడు అశ్రద్ధ చేయలేదు. భాషావేత్తను సంప్రదించి, అన్యభాషలకును సుగమమగు 'ప్యాకెట్' పదమును ఎన్నుకొనెను. శాస్త్రమునకు తగిన మాట నిచ్చుట చిన్న సేవ కాదు.

1966 మార్చిలో ఈ భావనను గూర్చి ఉపన్యసించిన పిమ్మటనే, అమెరికాలో ర్యాండ్ సంస్థకు చెందిన పాల్ బారన్, యుద్ధమున ధ్వంసము కాని వార్తావ్యవస్థకై యత్నించుచు, ఇట్టి పద్ధతినే అంతకు ముందు ప్రతిపాదించెనని డేవిస్‌కు తెలియవచ్చెను. 1967లో టెనెసీ రాష్ట్రములోని గాట్లిన్‌బర్గ్ సభయందు ఈతని సహచరుడు రోజర్ స్కాంటిల్‌బరీ ఈ పథకమును వివరింపగా, ఆర్పానెట్ అను అమెరికా కంప్యూటర్ జాలము నిర్మాణమునకు పూనుకొన్న లారెన్స్ రాబర్ట్స్ దానివలన ప్రేరితుడై, సెకనుకు 2,400 బిట్ల తీగలకు బదులు 50,000 బిట్ల తీగలను గ్రహించెను. స్వదేశమున మాత్రము డేవిస్ కోరిన దేశవ్యాప్త జాలము ఆనాడు రూపొందలేదు. ప్రయోగశాల ఆవరణమునకే పరిమితమైన జాలమును నిర్మింపగా, అది 1986 వరకు పనిచేసెను. ఇంతటి దూరదృష్టి ఒక్క ఆవరణమునకే పరిమితమగుట విచారకరము.

తరువాతి కాలమున ఈతడు కంప్యూటర్ జాలముల భద్రతపై కృషి సల్పి, 1984లో ఉద్యోగవిరమణ గావించెను. 1987లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 2000 మే 28న మరణించిన పిదప, ప్యాకెట్ విధానము పుట్టుకను విచారించుచు ఈతడు వ్రాసిన వ్యాసము 2001లో ప్రకటితమయ్యెను; అందు బారన్ కృషిని తన కృషికి పూర్వపుదిగనే అంగీకరించెను.