పైథాన్ బ్యాటరీల కథ

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను కంప్యూటర్‌లో పెట్టుకోగానే దానితోపాటే వచ్చే మాడ్యూళ్ల సముదాయమే స్టాండర్డ్ లైబ్రరీ. నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పనిచేస్తూ గైడో వాన్ రోసమ్ ఈ భాషను రూపొందించారు. 1991 ఫిబ్రవరిలో తొలి వెర్షన్ విడుదలైంది. కావలసిన కోడ్‌ను ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకోవడం అప్పట్లో తేలిక కాదు. అందుకే పనికొచ్చే సరంజామానంతా భాషతోనే ఇచ్చేవారు. బొమ్మ డబ్బాలోనే బ్యాటరీలూ ఉన్నట్టు! 'బ్యాటరీలతో సహా' అన్నది పైథాన్ నినాదమైంది.

అలా చేరిన మాడ్యూళ్లలో కొన్నింటికి కాలం చెల్లింది. 'సన్ఏయూ' సన్ కంపెనీ కంప్యూటర్ల ధ్వని ఫైళ్లను చదివేది. 'ఎన్ఎన్‌టీపీలిబ్' యూజ్‌నెట్ చర్చా బృందాల సందేశాలను తెచ్చేది. 'టెల్‌నెట్‌లిబ్'కు ఆధారం దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే టెల్‌నెట్; అది పాస్‌వర్డ్‌ను కూడా దాచకుండా పంపుతుంది. దాని స్థానంలోకి సమాచారాన్ని దాచి పంపే ఎస్ఎస్‌హెచ్ వచ్చింది. 'సీజీఐ' పద్ధతిలో వెబ్‌సైట్‌కు వచ్చే ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త ప్రాసెస్ మొదలవుతుంది. రద్దీ పెరిగితే సర్వర్‌కు అది మోయలేని భారం.

వాడకం తగ్గినంత మాత్రాన చాకిరీ తగ్గదు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పాత మాడ్యూళ్లనూ పరీక్షించాలి, భద్రతా లోపం బయటపడితే సరిదిద్దాలి. రాసినవారు తప్పుకున్నాక ఆ కోడ్ ఆనుపానులు తెలిసినవారు దొరకరు. తీసేద్దామంటే ఎక్కడో ఎవరి ప్రోగ్రామో దాన్నే నమ్ముకుని నడుస్తూ ఉంటుంది. 2003లో మొదలైన పైపీఐ భాండాగారం వల్ల కావలసిన ప్యాకేజీని విడిగా తెచ్చుకునే వీలు కలిగింది. అన్నీ ఒకేచోట ఉంచాల్సిన అవసరం తగ్గింది.

కాలం చెల్లిన మాడ్యూళ్లను తొలగించాలంటూ 2019లో పైథాన్ డెవలపర్ క్రిస్టియన్ హైమ్స్ పెప్ 594 అనే ప్రతిపాదన తెచ్చారు. బ్రెట్ కానన్ దానికి సహరచయిత. 2022లో ఆమోదం లభించింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 3.11 వెర్షన్ నుంచి ఆ మాడ్యూళ్లను వాడితే హెచ్చరిక కనిపించేది. 2024 అక్టోబరు నాటి 3.13లో 19 మాడ్యూళ్లను తొలగించారు. వాడుకరులకు రెండేళ్ల గడువు దక్కింది.

పాతవన్నీ పోలేదు. వేవ్ ధ్వని ఫైళ్లు నేటికీ వాడుకలో ఉన్నాయి, పిల్లలకు కంప్యూటర్‌తో శబ్దం పుట్టించడం నేర్పడానికీ పనికొస్తాయి కాబట్టి 'వేవ్' మాడ్యూల్‌ను ఉంచారు. తొలగించినవాటిలోనూ కొన్ని పైపీఐలో బతికే ఉన్నాయి. 'సీజీఐ' అక్కడ 'లెగసీ-సీజీఐ' పేరుతో దొరుకుతుంది. దాని సంరక్షణ భారం ఇప్పుడు లైబ్రరీది కాదు, అది కావాలనుకున్నవారిది.