తల్లి గింజ

కినోవాను ఇన్కా జనం ‘తల్లి గింజ’ అనేవారట. దక్షిణ అమెరికాలో, పెరూ బొలీవియాల మధ్య టిటికాకా సరస్సు చుట్టూ, 12,500 అడుగుల ఎత్తున వేల ఏళ్లుగా పండుతోంది. గింజ అంటున్నామే గాని వరికీ గోధుమకీ చుట్టం కాదు; మన చక్రవర్తికూరకి దగ్గర బంధువు. పైపొర చేదు. కడుగుతుంటే కుంకుడు రసంలా నురగ! ఆ నురగ పోయేదాకా కడిగి వండుకోవాలి.

1532లో స్పెయిన్ వాళ్లు దండెత్తి వచ్చారు. వాళ్లకి గోధుమరొట్టె ముద్దు. కినోవా కొండజనం తిండి అయిపోయింది. తక్కువతనం గింజలో ఉండదు సుమండీ, చూసే కళ్లలో ఉంటుంది.

నన్ను కదిలించింది మాత్రం గార్సిలాసో కథ. తల్లి ఇన్కా రాజవంశపు ఆడపడుచు, తండ్రి స్పెయిన్ సేనాని. 1560లో, ఇరవయ్యేళ్లప్పుడు స్పెయిన్ వెళ్లినవాడు మళ్లీ తల్లి మొహం చూడలేదు. అమ్మ దేశపు కినోవా విత్తనాలు తెప్పించుకున్నాడు. ఏ అదునులో చల్లినా ఒక్కటీ మొలవలేదు. చచ్చిన విత్తనాలొచ్చాయని 1609లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. పంట గురించి రాసిన మాటే అది; నాకెందుకో అమ్మ గురించి రాసినట్టే అనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి 2013ను కినోవా సంవత్సరమంది. అన్నాళ్లూ ఆ గింజ బతికిందంటే, ఎవరు చిన్నచూపు చూసినా కొండల మీద పేదరైతులు దాన్ని చల్లుకుంటూ వచ్చారు కాబట్టే.