కాళేశ్వరరావు చూసిన బెజవాడ

వన్‌టౌన్‌లో మిరపకాయలకు బేరమాడేవాళ్లకు కాళేశ్వరరావు మార్కెట్ అంటే కూరగాయల బజారే. ఆ అయ్యదేవర కాళేశ్వరరావు ఎవరని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లే ఎక్కువ.

1882లో పుట్టిన ఆయన బెజవాడలో వకీలు. 1921లో కాంగ్రెస్ పెద్దలు ఆ ఊళ్లోనే సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించారు. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిందీ అప్పుడే. దేశ రాజకీయం గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాక ఇక కాళేశ్వరరావుకు కోర్టు కాగితాలేం పడతాయి! ఆయన జైలుకూ వెళ్లారు.

ఊరు మాత్రం కృష్ణ నీటి మీదే బతికింది. 1855 నాటి ఆనకట్టకు 1952లో గండిపడింది. ఆ పక్కనే 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యేనాటికి కాళేశ్వరరావు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకర్. 1962లో కన్నుమూసేదాకా అదే పదవిలో ఉన్నారు.