మబ్బు ఆగలేదు

1945 ఆగస్టు 9, గురువారం. నాగసాకి ఉత్తరాన ఉరకామి లోయలో, ఎర్ర ఇటుకల దేవాలయంలో జనం పాపసంకీర్తనానికి వచ్చి ఉన్నారు. ఇంకో ఆరు రోజుల్లో మరియమాత మోక్షారోపణ పండుగ. లోపల నిషిదా, తమయా అనే ఇద్దరు గురువులు. తెల్లవారాక మోగిన విమానదాడి హెచ్చరికను అప్పటికే ఎత్తేశారు. ఆపద తప్పిందనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పదకొండు గంటల రెండు నిమిషాలకు ఏమైందో మనకు తెలుసు. వాళ్ళకు తెలియదు. ఆ గుడిలో ఉన్నవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

ఆ గుడిలో ఉన్నవాళ్ళు తరతరాల మొరకు వారసులు. జపాను కోసం విజ్ఞాపన ప్రార్థన అంటే ఎక్కడో దూరదేశాల్లో మోకరించినవాళ్ళే మనకు గుర్తొస్తారు. వాళ్ళూ ఉన్నారు, ప్రాణాలిచ్చినవాళ్ళూ ఉన్నారు. 1597లో ఇదే నాగసాకిలో శిలువ మీద చంపిన ఇరవై ఆరుగురిలో మన బొంబాయి పక్కనున్న వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఒకడు. కానీ జపాను నేల మీద తరతరాలుగా ఆగకుండా మొరపెట్టుకున్నది ఉరకామి రైతులు. 1614లో క్రైస్తవం నిషిద్ధమయింది. కొన్నాళ్ళకు దేశంలో గురువన్నవాడే లేకుండా పోయాడు. బలిపూజ లేదు, గుడి లేదు. తండ్రి గొంతు తగ్గించి చెబితే బిడ్డ నేర్చుకున్న జపాలు మాత్రం మిగిలాయి. ఏటేటా ఊరిపెద్ద ఇంటికి పోయి, క్రీస్తు బొమ్మ ఉన్న పలకను అందరూ చూస్తుండగా కాలితో తొక్కాలి. తొక్కేవారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని క్షమించమని ఏడ్చేవారు. మళ్ళీ ఏడాది మళ్ళీ తొక్కేవారు. రెండు వందల ఏళ్ళకు పైగా ఇదే బతుకు.

1865 మార్చి 17న కొందరు ఉరకామివాళ్ళు నాగసాకిలో కొత్తగా కట్టిన ఓవురా గుడికి వచ్చారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పెతిజాన్ గురువు దగ్గరికి ఒక స్త్రీ వెళ్ళి, తమదీ ఆయనదీ ఒకే విశ్వాసమని మెల్లగా చెప్పి, మరియమాత బొమ్మ ఎక్కడని అడిగింది. ఈ కథ అక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది! ఆగలేదు. దాగినవాళ్ళు బయటపడ్డారు గనుక రెండేళ్ళకే పట్టుబడ్డారు. సుమారు 3,400 మందిని, పసిపిల్లలతో సహా, చాలావరకు పడమటి జపానులోని సంస్థానాలకు చెల్లాచెదురు చేశారు. త్సువానోలో చలికాలం మంచు పేరుకున్న చెరువులోకి మనుషులను తోసి, విశ్వాసం వదులుతారా లేదా అని గట్టు మీద నుంచి అడిగేవారు. ఆరు వందల మందికి పైగా ప్రవాసంలోనే పోయారు.

1873లో విడుదలై వచ్చిన మిగతావాళ్ళు తమ ఊరిలో ఒక స్థలం కొన్నారు. తాతముత్తాతల చేత పలక తొక్కించిన ఊరిపెద్ద ఇంటి స్థలమే అది. 1895లో అక్కడ గుడి మొదలుపెట్టి, చాలీచాలని రాబడిలోంచి కూడబెట్టి, 1914కి ముగించారు. జంట గోపురాలు లేచింది 1925లో. దానికి ఇంకో ఇరవై ఏళ్ళే ఆయుష్షు.

ఆ ఊళ్ళో మిదోరి అనే యువతి ఉండేది. దాగిన క్రైస్తవుల పెద్దల వంశం ఆమెది. వాళ్ళింట అద్దెకు దిగిన వైద్య విద్యార్థి తకాషి నాగాయికి దేవుడి మీద నమ్మకం లేదు. అతను మంచూరియా యుద్ధానికి వెళితే ఆమె ఒక జ్ఞానోపదేశం పుస్తకం పంపింది, అతని కోసం జపం చేస్తూనే ఉంది. తిరిగొచ్చాక 1934లో జ్ఞానస్నానం తీసుకుని ఆమెనే పెళ్ళాడాడు. వైద్యుడై చేసిన ఎక్స్‌రేల పనిలో రక్త కేన్సరు వచ్చి, మూడేళ్ళకు మించి బతకనని 1945 జూన్‌లో అతనికి తెలిసింది. తనే ముందు పోతానని భార్యకు చెప్పుకున్నాడు.

ఆగస్టు 9న పడిన అణుబాంబు ఎన్నిసార్లు తప్పిపోవలసిన కీడు! లక్ష్యాల జాబితాలో క్యోతో ఉండేది. దాన్ని తీసేశాక నాగసాకి వచ్చి చేరింది. హిరోషిమా తర్వాత రెండో బాంబు ఆగస్టు 11న వేయాలనుకున్నారు. వాతావరణం చెడుతుందని రెండు రోజులు ముందుకు జరిపారు. ఆ రోజు గురి కూడా నాగసాకి కాదు, కొకురా. కొకురా మీద పొగ, మసక. మూడుసార్లు పైన తిరిగినా గురి కుదరలేదు. ఇంధనం అడుగంటుతోంది. నాగసాకి మీదా మబ్బే. అదే పూట టోక్యోలో ఆరుగురు పెద్దలు కూర్చుని, లొంగిపోవాలా వద్దా అని తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. ఇంతలో మబ్బులో చిన్న సందు. అనుకున్న చోటికి దాదాపు మూడు కిలోమీటర్ల అవతల, ఉరకామి నెత్తిన బాంబు పడింది. ఆ సందు ఇంకొక్క పావుగంట మూసుకుని ఉండకూడదా అని ఎనభై ఏళ్ళు దాటాక కూడా మనసు కొట్టుకుంటుంది.

విచారణలోని 12,000 మంది విశ్వాసుల్లో సుమారు 8,500 మంది పోయారు. ఆస్పత్రిలో తల పగిలిన నాగాయి, దెబ్బలు తిన్నవాళ్ళకు కట్లు కట్టి, ఆ తర్వాత ఇంటికి వెళ్ళాడు. వంటిల్లు ఉన్న చోట భార్య ఎముకలు దొరికాయి. పక్కన కరిగి ముద్దైన జపమాల. ఆ ఎముకలు ఒక బకెట్టులోకి ఏరుకున్నాడు. ముందు పోతాననుకున్నవాడు ఆమె తర్వాత ఇంకో ఆరేళ్ళు కావస్తుండగా పోయాడు.

నవంబరు 23న శిథిలాల ముందు జరిగిన బలిపూజలో ఆయనే మాట్లాడాడు. యుద్ధపాపానికి ఉరకామి కళంకం లేని బలిగా ఎంపికైందన్నాడు. ఆ మాట చాలామందికి మింగుడుపడలేదు, నాకూ పడదు. బాంబు వేసింది మనుషులు, వేయమన్నది మనుషులు. అయినా ఆ బకెట్టు మోసినవాడితో వాదానికి దిగే ధైర్యం ఎవరికుంటుంది? తినియన్ దీవిలో ఆ బాంబు వేసిన వైమానిక దళం కోసం జపించిన గురువులూ ఉన్నారు. వాళ్ళలో కతోలిక గురువు జాబెల్కా, తాను నోరు మెదపనందుకు చాలా ఏళ్ళ తర్వాత బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఆ రోజు రెండు వైపుల మొరలూ ఒకే దేవుడి చెవిన పడ్డాయి.

కూలిన గోడలను అలాగే ఉంచాలని ఊళ్ళో చాలామంది అడిగారు. హిరోషిమా బాంబు దెబ్బతిన్న తన గుమ్మటాన్ని ఉంచుకుంది. ఉరకామివాళ్ళకు మాత్రం గుడి మళ్ళీ ఆ స్థలంలోనే కావాలి, ఇంకెక్కడా వద్దు. ఎందుకో చెప్పనక్కర్లేదు, వాళ్ళను తప్పుపట్టడం నా వల్ల కాదు. 1958లో శిథిలాలు తొలగించారు. ఒక గోడ ముక్కను మాత్రం బాంబు పేలిన చోటికి తరలించి నిలబెట్టారు. మరుసటి ఏడు కొత్త గుడి లేచింది.